ముహమ్మద్ అలీ ప్రత్యర్థులు: మన సాక్ష్యంపై ఒక పరిశీలన

2016 జూన్ 3న అమెరికాలో ముహమ్మద్ అలీ మరణించినప్పుడు రమజాన్ మాసం ఇంకా మూడు నాలుగు రోజుల దూరంలో ఉన్నది. ఆ మాసంలోనే ఒక సాయంత్రం మోమిన్‌పేట్‌లో ఇఫ్తారు, మగ్రిబ్ నమాజు ముగిసిన తరువాత, కొందరు మిత్రులు కోరగా ఈ వ్యాసకర్త ఆయనను గురించి పావుగంటసేపు మాట్లాడవలసి వచ్చింది. వెనుక గోడకు ఒక చిత్రపటం తగిలించారు. అందరూ ఎరిగిన చిత్రమే. నేలపై వెల్లకిలా పడివున్న ప్రత్యర్థి, అతనిపై కుడిచేయి మడిచి నిలబడి గర్జిస్తున్న అలీ. మాటలు ముగిసి జనం లేచిపోతుండగా ఎనిమిదో తరగతి చదివే కుర్రవాడొకడు దగ్గరికి వచ్చి, "కింద పడినాయన ఎవరు సాబ్?" అని అడిగాడు. లిస్టన్ అన్నాను. "ఆయన ఎట్లాంటివాడు?" అన్నాడు. నా వద్ద జవాబు లేకపోయింది.

అంతటితో అయిపోలేదు. ఆ ప్రసంగంలో నేనొక కథ చెప్పియున్నాను. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గెలిచిన బంగారు పతకాన్ని, నల్లవాడైనందుకు హోటలులో అన్నం పెట్టలేదన్న కోపంతో, అలీ ఒహాయో నదిలోకి విసిరివేశాడన్న కథ. సభలో ఉన్న ఒక వృద్ధ ఉపాధ్యాయుడు బయట చెప్పులు తొడుక్కుంటూ, "మౌల్వీసాబ్, ఆ పతకం కథకు సనదు ఏది?" అని నవ్వుతూ అడిగారు. ఆయన నవ్వుతూనే అడిగారు గాని నాకు మాత్రం ముఖం చెల్లలేదు. ఇంటికి వచ్చి వెదికితే తేలినదేమంటే, ఆ కథ 1975లో రిచర్డ్ డర్హమ్ సహాయంతో వెలువడిన అలీ ఆత్మకథలో ఉన్నది. పతకం పోయిందే తప్ప ఎవరూ విసరలేదని అలీకి అతి సన్నిహితులైనవారే తరువాత చెప్పారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో దానికి బదులుగా ఆయనకు మరొక పతకం ఇచ్చారు.

వార్త తెచ్చినవాని మాటను పరీక్షించి గాని నమ్మవద్దని సూరతుల్ హుజురాత్ బోధిస్తున్నది. ఈ విషయం మన పాఠకులకు క్రొత్త కాదు. హదీసు పండితులు ఒక్కొక్క ఉల్లేఖనం కోసం నెలల తరబడి ప్రయాణాలు చేశారనీ, రావీల జీవితాలను పరిశీలించడానికి 'రిజాల్' అనే ఒక శాస్త్రాన్నే నిర్మించారనీ మనమే సగర్వంగా చెప్పుకుంటాము. ఆ గ్రంథాలలో గొప్పవారు మాత్రమే లేరు. బలహీనులు, మతిమరుపువారు, ఒకే ఒక్క ఉల్లేఖనంతో మిగిలిపోయినవారు, వేలాదిమంది పేరూ ఊరూ తండ్రిపేరుతో సహా నమోదై ఉన్నారు. అటువంటి సంప్రదాయానికి వారసులమైన మనం ఒక ముస్లిం క్రీడాకారుని కథ చెప్పవలసి వచ్చేసరికి సనదు అడగడం మానివేశాము. ఆయన ఎదుట నిలిచినవారి పేర్లు కూడా తెలుసుకోలేదు. వారు మన కథలో మెట్లు. అలీ ఎక్కడానికి మాత్రమే ఉన్నవి. తెలుగులో చెప్పేటప్పుడు ఇది మరీ బాహాటంగా వినిపిస్తుంది: అలీ 'ఆయన', తక్కినవారంతా 'వాడు'. ఈ వ్యాసంలో అందరికీ 'ఆయన' అనే వాడుతున్నాను. కారణం క్రమంగా పాఠకులకే తెలియగలదు.

మొదట చిత్రపటం సంగతి చూద్దాము. అది 1965 మే 25న మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న పట్టణంలో తీసినది. పోటీ మొదటి రౌండులోనే ముగిసింది. చూడవచ్చినవారు రెండున్నర వేలమంది కూడా లేరు. ఆ గుద్దు నిజంగా తగిలిందా అన్న అనుమానం నాటి నుండి నేటివరకు తీరలేదు. మనం విజయగర్జన అనుకుంటున్నది వాస్తవానికి "లే, లేచి పోరాడు" అన్న కేక. ప్రత్యర్థి అంత త్వరగా పడిపోవడం అలీకే నచ్చలేదు.

పడివున్న సన్నీ లిస్టన్ అర్కాన్సాస్‌లో కౌలుకు భూమి దున్నే పెద్ద సంసారంలో పుట్టారు. ఏ సంవత్సరం పుట్టారో నిశ్చయంగా చెప్పగల కాగితం లేదు. దొంగతనం నేరానికి జైలుకు వెళ్ళి, అక్కడి క్రైస్తవ మతగురువు ప్రోత్సాహంతో బాక్సింగ్ నేర్చారు. 1962లోను, 1963లోను ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను మొదటి రౌండులోనే పడగొట్టిన ఆయనను అమెరికా పత్రికలు మనిషిగా చూడలేదు. 1971 జనవరిలో లాస్‌వేగాస్‌లోని తన యింట్లో శవమై కనిపించారు. కుర్రవానికి ఆనాడే చెప్పవలసిన జవాబు ఇది.

ఇక ఆ కాలపు పోటీదారుల వ్యవస్థను కొంచెం వివరించవలసియున్నది. అప్పట్లో హెవీ వెయిట్ అంటే 175 పౌనులు, అనగా సుమారు 79 కిలోలు దాటిన ప్రతివాడూ. పైన హద్దు లేదు. ప్రపంచ విజేత ఒక్కడు. అతని క్రింద పదిమంది పోటీదారులను పత్రికలు, సంఘాలు వరుస పెట్టేవి. అయితే వరుసలో మొదట ఉన్నంత మాత్రాన అవకాశం రాదు. విజేతకు మేనేజరు ఉంటాడు. ఎవరితో పోటీ పెట్టుకోవాలో అతడు నిర్ణయిస్తాడు. ప్రమాదకరమైన మనిషిని వదలి, డబ్బు తెచ్చే మనిషిని ఎన్నుకుంటాడు. దాని ఫలితమేమో చూడండి.

1950ల చివరలో ప్యాటర్సన్ విజేతగా ఉండగా, ఎడ్డీ మేఖన్, జోరా ఫోలీ అనే ఇద్దరు నల్లజాతి బాక్సర్లు వరుసలో అగ్రస్థానాల కోసం నిలిచియున్నారు. ప్యాటర్సన్ మేనేజరు కస్ డమాటో నాటి బాక్సింగ్ గుత్తసంస్థతో వైరం పూని, దానితో సంబంధం ఉన్నవారిని దరి చేరనివ్వలేదు. ఆ వైరంలో న్యాయం ఉన్నమాట నిజమే. కాని ఆ న్యాయానికి మూల్యం చెల్లించినది ఎవరు? 1957 ఆగస్టులో ప్యాటర్సన్ తన టైటిలును పణంగా పెట్టి పోరాడినది పీట్ రాడెమాకర్ అనే తెల్లజాతి ఒలింపిక్ విజేతతో. రాడెమాకర్‌కు వృత్తి బాక్సింగ్‌లో అదే మొట్టమొదటి పోటీ! పది మెట్లు ఎక్కినవారు వాకిట నిలబడియుండగా, ఒక్క మెట్టు ఎక్కనివానికి తలుపు తెరచారు.

మేఖన్, ఫోలీ 1958 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకరితో ఒకరు 12 రౌండ్లు పోరాడి సమానంగా నిలిచారు. అదే సంవత్సరం మేఖన్ స్వీడన్‌కు వెళ్ళి ఇంగెమార్ జొహాన్సన్ చేతిలో మొదటి రౌండులోనే ఓడిపోయారు. ఫోలీ లండనులో హెన్రీ కూపర్ చేతిలో ఓడిపోయారు. మరుసటి యేడు జూన్‌లో జొహాన్సన్ ప్యాటర్సన్‌ను ఓడించి ప్రపంచ విజేత అయ్యారు. మేఖన్ 1960లో లిస్టన్‌తో చివరి రౌండుదాకా నిలిచారు. 1962 చివరలో మనసు చెదిరి వైద్యశాల చేరారు. కోలుకొని మళ్ళీ వచ్చారు. 1965 మార్చిలో ఖాళీగా ఉన్న ఒక సంఘపు టైటిలు కోసం ఎర్నీ టెర్రెల్‌తో పోరాడి ఓడారు. 1972లో శాన్‌ఫ్రాన్సిస్కోలో తన గది కిటికీ నుండి పడి మరణించారు. అప్పటికి నలభై ఏళ్ళు.

క్లీవ్‌లాండ్ విలియమ్స్ కథ ఇంకా కఠినమైనది. చేతి బలంలో లిస్టన్‌తో సమానుడని పేరుపొందిన ఈయనను 1964 నవంబరులో టెక్సాస్‌లో ఒక పోలీసు అధికారి కారు ఆపి, పెనుగులాటలో కడుపులో కాల్చాడు. అనేక శస్త్రచికిత్సలు, ఒక మూత్రపిండం నష్టం. రెండేళ్ళ తరువాత, 1966 నవంబరు 14న హ్యూస్టన్‌లో, తూటా శరీరంలోనే ఉండగా ఆయనను అలీ ఎదుట నిలబెట్టారు. మూడవ రౌండులో ముగిసింది. అలీ జీవితంలో అత్యంత సుందరమైన పోరాటం ఇదేనని నిపుణులు వ్రాస్తారు. ఆనాటి ఆయన పాదాల కదలికను చూసినవారు అది తప్పని అనలేరు. కాని ఆ సౌందర్యం ఎవరిపై ప్రదర్శింపబడిందో చెప్పకుండా సౌందర్యాన్ని మాత్రమే చెప్పడం సగం సాక్ష్యం.

ఇప్పుడు మనకు అత్యంత దగ్గరి విషయానికి వద్దాము. అది పేరు విషయం.

1964 ఫిబ్రవరి 25న లిస్టన్‌పై గెలిచిన కొద్ది రోజులకే కాషియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యారు. ఆ పేరు పెట్టినది ఎలైజా ముహమ్మద్ నాయకత్వంలోని 'నేషన్ ఆఫ్ ఇస్లాం'. ఆ సంస్థ విశ్వాసాలలో అనేకం ఖుర్ఆన్, సున్నతులకు విరుద్ధమైనవి. 1975లో ఎలైజా మరణించిన పిమ్మట ఆయన కుమారుడు వారిసుద్దీన్ ముహమ్మద్ అనుచరులను ప్రధాన స్రవంతి వైపు నడిపించారు. అలీ కూడా ఆ దారినే వచ్చారు. 1960లలో ఆయన జాతులను గురించి అన్న మాటలను ఇస్లాం మాటలుగా ఉదహరించే సోదరులు ఈ తేదీలను గుర్తుంచుకోవాలని మనవి.

ఏమైనా, పేరు మార్చుకునే హక్కు ఆయనది. ఆ పేరుతో పిలవమని అడిగారు. పిలవని పత్రికలు, పిలవని ప్రత్యర్థులు ఎందరో. ప్యాటర్సన్ ఆయనను క్లే అనే అంటూ, టైటిలును నల్ల ముస్లిముల నుండి అమెరికాకు తిరిగి తెస్తానన్నారు. 1965 నవంబరు 22న లాస్‌వేగాస్‌లో అలీ ఆయనను 12 రౌండ్లు హింసించి ఓడించారు. ఎప్పుడో ముగించగలిగియుండి ముగించలేదని చూసినవారు వ్రాశారు. టెర్రెల్ కూడా క్లే అనేవారు. పాత పరిచయం కొద్దీ వచ్చిన అలవాటేనని ఆయన చెప్పుకున్నారు. 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్‌లో 15 రౌండ్లపాటు, కన్ను దెబ్బతిని సరిగా చూడలేని స్థితిలో ఉన్న టెర్రెల్‌ను కొడుతూ, "నా పేరేమిటి?" అని అలీ పదేపదే అడిగారు.

ఈ ఘట్టాన్ని మన సభలలో చెప్పినప్పుడు చప్పట్లు మ్రోగుతాయి. నేనూ చప్పట్లు కొట్టినవాడినే. ఒక ముస్లిం తన పేరు కోసం నిలబడ్డాడన్న భావన మన గుండెలో ఎక్కడో తగులుతుంది. అద్దె ఇంటి కోసమో ఉద్యోగం కోసమో పేరు చెప్పి ఎదుటివారి ముఖం మారడం చూసిన ప్రతివారికీ ఈ భావన అర్థమౌతుంది. అయినా అడగవలసిన ప్రశ్న అడగాలి: చూపు మసకబారిన మనిషిని పేరు పలికించడానికి పది రౌండ్లు అదనంగా కొట్టడాన్ని మన ధర్మం ఏమంటుంది? యుద్ధంలో సైతం ముఖంపై కొట్టవద్దని దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీ, ముస్లిం ఉల్లేఖించియుండగా?

ఈ విషయంలో మన కథకులు విడిచిపెట్టిన ఇద్దరు ఉన్నారు. ఒకరు ఆ ప్యాటర్సనే. కాథలిక్ క్రైస్తవుడు, మితభాషి. అంతగా దెబ్బలు తిన్న తరువాత, 1966లో ఎస్క్వైర్ పత్రికలో, గే టలీజ్ సహకారంతో, అలీకి తన అభిప్రాయం చెప్పుకునే హక్కు ఉన్నదని వ్రాశారు. ఆ వ్యాసం శీర్షికలో కూడా పాత పేరే ఉన్నదన్నది ఒక విడ్డూరం. సైన్యంలో చేరికను గురించి అలీపై దేశమంతా దుమ్మెత్తిపోస్తున్న రోజులలో, ఆయన చేతిలోనే అవమానపడిన మనిషి ఆ మాట అనడం సామాన్యమైన విషయం కాదు.

రెండవవారు జోరా ఫోలీ. 1953లో వృత్తిలో ప్రవేశించిన ఈ మాజీ సైనికునికి టైటిలు పోటీ లభించినది 1967 మార్చి 22న, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో. వయస్సు ముప్పై నాలుగు దాటింది. ఉత్తమ దశ వెళ్ళిపోయింది. ఆయన ప్రత్యర్థిని 'ముహమ్మద్ అలీ' అనే పిలిచారు. ఎవరూ బలవంతపెట్టలేదు, మర్యాద అని పిలిచారు. ఇంత మంచివానిపై కోపం ఎట్లా తెచ్చుకోవడమని అలీ వాపోయారు. ఏడవ రౌండులో ఫోలీ ఓడిపోయారు. 1972లో ఒక ఈతకొలనులో ప్రమాదవశాత్తు మరణించారు. "నా పేరేమిటి?" కథను వందసార్లు చెప్పిన మనం, అడగకుండానే ఆ పేరు పలికిన మనిషిని ఒక్కసారైనా తలచామా?

ఫోలీతో పోటీ తరువాత అయిదు వారాలకే, 1967 ఏప్రిల్ 28న, అలీ సైన్యంలో చేరడానికి నిరాకరించారు. లైసెన్సులు రద్దు చేశారు, టైటిలు లాక్కున్నారు, జైలుశిక్ష విధించారు. 1971 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టివేసింది. మూడున్నరేళ్ళు పోయాయి. ఈ భాగం మనవారికి బాగా తెలిసినదే గనుక పొడిగించను. ఆయన చేసిన త్యాగం నిజమైనది. దానికి సనదు గట్టిగా ఉన్నది.

ఆ మూడున్నరేళ్ళూ రింగు ఖాళీగా లేదు. ఎనిమిదిమంది పోటీదారులతో ఒక సంఘం పోటీలు నిర్వహించింది. ప్యాటర్సన్, టెర్రెల్, జెర్రీ క్వారీ, ఆస్కార్ బొనవేనా మొదలైనవారు అందులో ఉన్నారు. గెలిచినది ఎవరూ ఊహించని మనిషి: జిమ్మీ ఎల్లిస్. అలీ ఊరు లూయివిల్‌కు చెందినవారే. ఒక క్రైస్తవ బోధకుని కుమారుడు, చర్చిలో పాటలు పాడేవారు. పిల్లతనంలో అలీతో రెండుసార్లు పోటీపడి ఒకటి గెలిచి ఒకటి ఓడారు. పెద్దయ్యాక అలీకి సాధన భాగస్వామిగా ఉంటూ, ఆయన పెద్ద పోటీలకు ముందు జరిగే చిన్న పోటీలలో పాల్గొనేవారు. ఇద్దరి శిక్షకుడు ఒక్కడే, ఆంజెలో డండీ. శరీరం కూడా పెద్దది కాదు. తక్కువ బరువు తరగతి నుండి పైకి వచ్చినవారు. అటువంటి ఎల్లిస్ 1968 ఏప్రిల్ 27న ఓక్లాండ్‌లో క్వారీని ఓడించి ఆ సంఘపు విజేత అయ్యారు. రెండేళ్ళు తిరగకుండానే, 1970 ఫిబ్రవరిలో, జో ఫ్రేజియర్ నాలుగవ రౌండులో రెండుసార్లు పడగొట్టగా, అయిదవ రౌండుకు డండీ ఆయనను లేవనివ్వలేదు. 1971 జూలైలో అలీయే ఆయనను 12వ రౌండులో ఓడించారు; ఆనాడు డండీ నిలబడినది ఎల్లిస్ మూలన. 1975లో సాధన చేస్తుండగా దెబ్బ తగిలి ఒక కంటి చూపు చాలావరకు పోయింది. బాక్సింగ్ మానుకున్నారు.

ఈ ఎల్లిస్‌ను మనవారు చూశారు. 1980లో అలీ భారతదేశం వచ్చినప్పుడు ఢిల్లీలో మన దేశపు హెవీ వెయిట్ బాక్సర్ కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్ల ప్రదర్శన పోటీలో పాల్గొన్నారు. (రెండేళ్ళ తరువాత ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన ఆ పంజాబీ సైనికుడు 2023లో మరణించారు.) ఆ యాత్రలోనే మద్రాసు నెహ్రూ స్టేడియంలో మరొక ప్రదర్శన జరిగింది. తెలుగువారు అసంఖ్యాకంగా నివసించే నగరం గనుక చూసినవారిలో మనవారు తప్పక ఉండియుంటారు. ఎం.జి.ఆర్. వచ్చిన సంగతి, అలీ చేసిన చమత్కారాలు నాటి తరంవారు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రింగులో అలీకి ఎదురుగా నిలబడినది ఎవరు? ఒక కంటితో చూసే జిమ్మీ ఎల్లిస్. ఒకప్పుడు ప్రపంచ విజేత అనిపించుకున్న మనిషి, నలభై ఏళ్ళకు చేరువలో, మిత్రుని సరదా ప్రదర్శనకు మళ్ళీ సాధన భాగస్వామిగా వచ్చారు. ఆనాటి సంగతి విన్నప్పుడల్లా ఈ వ్యాసకర్త అడిగి చూశాడు. ఎదుటి మనిషి పేరు చెప్పినవారు ఒక్కరూ కనబడలేదు.

ఫ్రేజియర్ విషయం అందరికన్నా బాధాకరమైనది. దక్షిణ కరోలినాలో పేద వ్యవసాయ కుటుంబంలో పుట్టి, ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేస్తూ బాక్సింగ్ నేర్చి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం సాధించారు. అలీ నిషేధంలో ఉన్నప్పుడు ఆయనకు లైసెన్సు తిరిగి ఇవ్వాలని బాహాటంగా కోరినవారిలో ఫ్రేజియర్ ఒకరు. చేతికి డబ్బు కూడా ఇచ్చానని చెప్పుకున్నారు. 1971 మార్చి 8న ఇద్దరికీ చెరి 25 లక్షల డాలర్లు ముట్టిన పోటీకి ముందు అలీ ఆయనను తెల్లవారి బానిస అన్నారు. 1975 అక్టోబరు 1న మనీలా పోటీకి ముందు గొరిల్లా అన్నారు. రబ్బరు గొరిల్లా బొమ్మను చేతపట్టుకొని విలేఖరుల ముందు గుద్దారు. టికెట్లు అమ్ముడుపోవడానికేనని సమర్థన. ఫ్రేజియర్ పిల్లలు బడికి వెళ్ళేవారు. ఆ మాటలు బడిలో వినబడేవి.

తన పేరును ఇతరులు వక్రంగా పలికితే సహించని మనిషి, సాటి నల్లజాతి మనిషికి తెల్లవారు వందల సంవత్సరాలుగా వాడిన హేయమైన పేరే పెట్టారు. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డపేర్లతో పిలుచుకోవద్దనీ బోధించిన ఆయతు, పైన పేర్కొన్న సూరతుల్ హుజురాత్‌లోనే ఉన్నది. ఇది అలీపై దాడి అని భావించే సోదరులకు ఒక సంగతి విన్నవించుకోవాలి. ఇందుకు పశ్చాత్తాపపడినది అలీయే. 2001లో ఒక న్యూయార్క్ పత్రిక ద్వారా, ఆవేశంలో అనరాని మాటలు అన్నానని ఒప్పుకొని క్షమాపణ చెప్పారు. తనకు నేరుగా చెప్పలేదని ఫ్రేజియర్ మనసు పూర్తిగా సమాధానపడలేదు. చెప్పినవాడు పశ్చాత్తాపపడిన మాటలనే మన యువకులు ఇంకా హాస్యోక్తులుగా ఒకరికొకరు వినిపించుకుంటున్నారు.

మనీలాలో 14 రౌండ్ల తరువాత, కళ్ళు మూసుకుపోయిన ఫ్రేజియర్‌ను శిక్షకుడు ఎడ్డీ ఫచ్ ఆపివేశారు. గెలిచిన అలీ కూడా మరణం అంచుదాకా వెళ్ళినట్లున్నదన్నారు. ఆ తరువాత 1976లో జిమ్మీ యంగ్‌పైన, కెన్ నార్టన్‌పైన ఆయనకు వచ్చిన గెలుపులు ఎందరికో న్యాయంగా తోచలేదు. 1977లో ఎర్నీ షేవర్స్ దెబ్బలు తిన్న తరువాత, ఇక మానుకోమన్న సలహా వినకపోవడంతో ఆయన వైద్యుడు ఫెర్డీ పచేకో వెళ్ళిపోయారు. 1980 అక్టోబరులో లారీ హోమ్స్ ఒకప్పటి తన గురువువంటి మనిషిని కొట్టలేక కొట్టారు. 1984లో అలీకి పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు ఉన్నట్లు బయటపడింది. దానికి దెబ్బలే కారణమా అన్నది వైద్యులలో చర్చనీయాంశం. ఎల్లిస్ విషయంలో చర్చ లేదు. దెబ్బల వలన మెదడు క్షీణించి, 2014లో లూయివిల్‌లో మరణించేనాటికి జ్ఞాపకం చెదిరిపోయింది. క్వారీ విషయంలో అసలే లేదు. 1992లో, నలభై ఏడేళ్ళ వయస్సులో, సుమారు వెయ్యి డాలర్ల కోసం మళ్ళీ రింగులోకి దిగారు. బట్టలు తొడుక్కోవడానికి, అన్నం తినడానికి ఇతరుల సాయం అవసరమై, 53 ఏళ్ళకు 1999లో కన్నుమూశారు.

1983 జనవరిలో అమెరికా వైద్య సంఘం పత్రిక బాక్సింగ్‌ను నిషేధించవలెనని సంపాదకీయం వ్రాసింది. 1987 అక్టోబరులో మక్కాలో సమావేశమైన రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖ్హ్ మండలి, ప్రత్యర్థి శరీరానికి హాని కలిగించడమే లక్ష్యంగా గల నేటి బాక్సింగ్ ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. దీనికి ఎదురుగా, దైవప్రవక్త (స) రుకానాతో కుస్తీ పట్టిన ఉల్లేఖనాన్ని చూపేవారున్నారు. దాని సనదు నిలకడైనది కాదని తిర్మిజీయే సూచించారు. అది ప్రామాణికమే అనుకున్నా, కుస్తీలో ముఖంపై గుద్దు లేదు. మరి ఆ తీర్మానం వెలువడి ఇన్నేళ్ళయినా మన పత్రికలు ప్రతి జూన్‌లో ఆ చిత్రపటాన్నే ముద్రిస్తూ, తీర్మానాన్ని ఒక్క వాక్యంలోనైనా ఎందుకు ప్రస్తావించవు? రెండింటినీ ఒకే పుటలో ఉంచితే ఇబ్బంది కలుగుతుంది గనుక అని నాకు తోస్తున్నది. ఇబ్బంది కలగనిస్తే తప్పేమీ లేదు.

ఈ ప్రశ్న మనకు దూరపుది కూడా కాదు. మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. ఆమెకు తొలి పాఠాలు చెప్పిన షంసాముద్దీన్ కుమారుడు హుసాముద్దీన్ కామన్వెల్త్ క్రీడలలో రెండుసార్లు కాంస్యం తెచ్చాడు. అమెచ్యూర్ బాక్సింగ్‌లో రౌండ్లు తక్కువ, వైద్యుని పర్యవేక్షణ ఎక్కువ. 15 రౌండ్ల మనీలాతో దానిని సమానం చేయడం న్యాయం కాదు. అయినా మా మోమిన్‌పేట్, వికారాబాద్, తాండూరు ప్రాంతాల తండ్రులు కొందరు, పిల్లవానిని బాక్సింగ్‌లో చేర్పించవచ్చునా అని అడుగుతున్నారు. వారికి అలీ పేరు మాత్రమే చెప్పి పంపిస్తే మోసం చేసినట్లే. క్వారీ పేరు, ఎల్లిస్ పేరు కూడా చెప్పాలి. ఫోలీ మర్యాద చెప్పాలి, మేఖన్ కిటికీ చెప్పాలి. తరువాత వారి నిర్ణయం వారిది.

ఆ కుర్రవాడు ఇప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. కిందటి పండుగకు ఊరికి వచ్చినప్పుడు కనబడితే లిస్టన్ సంగతి చెప్పాను. జైలులో మతగురువు నేర్పిన భాగం దగ్గర ఆపి మళ్ళీ చెప్పించుకున్నాడు. "ఆయన ఎప్పుడు పుట్టినాడో నిజంగానే ఎవరికీ తెలియదా సాబ్?" అని అడిగాడు. తెలియదన్నాను.